పెద్దకోడలి పథ్యం

నేను ఉద్యోగం చేసింది పందుల ఫారంలో. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే ముక్కు మూసుకునేవాళ్లు పేజీ తిప్పేసుకుంటారు, మిగిలినవాళ్లతో నేను తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

గుడివాడ నుంచి గుడ్లవల్లేరు వెళ్లే దారిలో, చేపల చెరువుల వెనక ఉండేది ఆ ఫారం. యజమాని గారు చెరువుల్లో బాగా గడించి, ఆ తర్వాత నష్టపోయి, ఎవరో చెప్పగా తెల్ల సీమపందులు తెచ్చారు. మనిషి చాలా మంచివారు, కాకపోతే పెద్ద బిడియస్తుడు. గుడివాడలో చుట్టాలెవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "ఫారం ఉందండీ" అనేవారు. ఏం ఫారం అని అడిగితే "పెద్దదే" అనేవారు. ఇంట్లోవాళ్లు తప్ప మిగతా అందరూ ఆయన గేదెలు పెంచుతున్నారనే అనుకునేవారు. పెళ్లిళ్లలో కనపడినప్పుడు "కాస్త మంచి నెయ్యి పంపకూడదటయ్యా" అని నిష్ఠూరం ఆడేవారట. పాపం ఆయన బజార్లో కొని పంపేవారు.

నాకు అక్కడ పని దొరకడం కూడా దేవుడి దయే. చిన్నప్పుడు జబ్బు చేసి కాలు స్వాధీనం తప్పడంతో నన్ను బడికి పంపలేదు. మా నాన్నగారు బందరులో మందుల షాపులో పనిచేసేవారు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి, వాటి మీద అక్షరాలు చూపించి నాకు ఇంగ్లీషు నేర్పారు. ఆవు, ఇల్లు అని నేర్చుకోవలసిన వయసులో నేను రైబోఫ్లేవిన్ అని కూడబలుక్కుంటూ చదివాను. అది ఎందుకైనా పనికొస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. యజమాని గారు నన్ను పనిలో పెట్టుకున్నది మాత్రం ఆ ఒక్క చదువు చూసే. దాణా సరుకు చూసుకోవడం, మందులు కొలిచి ఇవ్వడం, ఈనే పందుల షెడ్డు కనిపెట్టి ఉండడం నా పని.

మా చిలకలపూడి చుట్టాలు రోల్డుగోల్డు గాజులకి మెరుగు పెడుతూ నాకూ మెరుగు పెట్టేవారు. "పొద్దున్న పందులు, సాయంత్రం పూజలా నీకు" అనేవారు. వాళ్లింట్లోనే గోడకి దశావతారాల పటం ఉంది. "మీరు రోజూ దణ్ణం పెట్టుకునే ఆ పటంలో మూడో బొమ్మ ఒకసారి చూడండి" అనేదాన్ని. చూసేవారు. ఆ తర్వాత కాఫీ ఇచ్చేవారు.

ఇక మామ్మగారి సంగతి. ఆవిడ దివిసీమ మనిషి. ఆసుపత్రి కాన్పులు రాకముందు చుట్టుపక్కల ఊళ్లలో సగం మందికి ఆవిడే పురుడు పోసిందట. కాన్పులన్నీ ఆసుపత్రికి తరలిపోయాక చేతిలో పనిలేక, మనవడితో గుడివాడ వచ్చి, మా ఈనే షెడ్డులో చేరింది. ఆ షెడ్డుకి అంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతుంది? పంది నొప్పులు పడుతుంటే పక్కన కూర్చుని నడుము నిమిరేది. పుట్టిన పిల్లనల్లా గోనెగుడ్డతో తుడిచి, ముక్కు శుభ్రం చేసి, తల్లి పొదుగుకి అందించేది. "ఆడపిల్లే తల్లీ, అదృష్టవంతురాలివి" అని తల్లిపందికి చెప్పేది కూడా.

పందులకి చెవుల్లో నంబర్లుండేవి. మామ్మగారికి నంబర్లు రావు కనుక అన్నిటికీ వరసలు పెట్టింది. ఒకటి ఆడపడుచు, ఒకటి చిన్నత్త, గోడ గీరుకునే అలవాటున్నది తోడికోడలు. అందరిలోకీ భారీగా, నెమ్మదిగా, ఎవరి జోలికీ పోకుండా ఉండేది పెద్దకోడలు. ఈ కథంతా దానిదే.

మొదట్లో మేము కంపెనీవాళ్ల తయారు దాణా వాడేవాళ్లం. అది భారమై, యజమాని గారు మన దగ్గరే కలుపుకుందామన్నారు. తవుడు, నూకలు, మొక్కజొన్న, వేరుశనగ చెక్క, గిలకలదిండి నుంచి వచ్చే ఎండుచేపల పొడి. వీటన్నిటికీ పైన విటమిన్ల పొడి. పాలిచ్చే పందికి అది తప్పనిసరి అని పశువుల డాక్టరు గారు చెప్పారు. తల్లి ఒంట్లో ఉన్నదంతా పిల్లలు లాగేస్తారు, అది తిరిగి నింపకపోతే పాలు తగ్గుతాయి, గిట్టలు పగులుతాయి, మళ్లీ ఎదకి రాదు అన్నారు. ఆ పొడి నేను రోజూ కొలిచి, స్టీలు డబ్బాలో పోసి మామ్మగారి చేతికి ఇచ్చేదాన్ని. ఇచ్చేముందు కళ్లకద్దుకునేదాన్ని. మందు ఏదైనా అలా ఇవ్వడం నాన్నగారి దగ్గర అలవాటైంది.

అయినా పెద్దకోడలు ఎండిపోయింది. అంతకుముందు ఈతలో పిల్లలు పుట్టడం బాగానే పుట్టి, వారం తిరక్కుండా పాలు లేక సగానికి సగం పోయాయి. ఈసారి పదకొండు పిల్లలు. పిల్లలింకా బతికే ఉన్నాయి కానీ, పాలు మళ్లీ అదే వరస. పొదుగు మెత్తబడిపోయింది. వీపు ఎముకలు తేలాయి. వెనక గిట్టలు పగిలి, లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించి, మా వంక ఒకసారి చూసి, మళ్లీ పడుకునేది. పిల్లలు పొదుగు మీద పడి లాగి, ఏమీ రాక, ఒకదాన్నొకటి కరుచుకునేవి.

యజమాని గారికి అంతకుముందు ఈత నుంచే పొడి మీద అనుమానం ఉంది. కంపెనీ మార్చారు. కొత్త కంపెనీ కుర్రాడు టై కట్టుకుని వచ్చి, పెద్దకోడలిని దూరం నుంచే చూసి, తమ పొడి వాడితే పందులు గంతులేస్తాయని చెప్పి, గోడ గడియారం ఇచ్చి వెళ్లాడు. గడియారం బాగానే నడిచింది. మళ్లీ కంపెనీ మార్చారు. ఈసారి కాఫీ కప్పులు వచ్చాయి. పంది మాత్రం లేవలేదు.

చివరికి యజమాని గారు ఫోను చేశారు. షెడ్డులోకి రావడం ఆయనకి ఇష్టం ఉండదు. వస్తే మనసు కరుగుతుందని భయం. "ఆ పెద్దదాన్ని పంపించేద్దామమ్మా. ఎల్లుండి బేరగాడు వ్యాను తీసుకొస్తాడు. పిల్లల్ని వేరే తల్లుల దగ్గర సర్దండి" అన్నారు.

మామ్మగారికి చెప్పాను. ఆవిడ జావ కలపడం ఆపింది. గంటె పొయ్యి గట్టున పెట్టి, చేతులు తుడుచుకుంది.

"నా చేతి కింద బాలింత కోతకి పోద్దా అమ్మాయీ?" అంది. "అది పోతే నేనూ పోతాను. ఇంకెందుకు నేను?"

ఆ మాట బెదిరింపు కాదు, ఉన్న విషయం చెప్పినట్టు చెప్పింది. ఆ సాయంత్రం నేను స్వామి ముందు కూర్చుని ఏమీ అడగలేదు. అడగడం నాకు చేతకాదు. ఇచ్చినవాటికి దణ్ణం పెట్టుకుంటూ పోతుంటే పెద్దకోడలి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. అంతే.

వ్యాను రావలసిన రోజు పొద్దున్నే డాక్టరు గారు వచ్చారు. పెళ్లి కాని కుర్రాడు, సన్నగా ఉండేవాడు, పెద్ద కళ్లజోడు. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మంచు దట్టంగా ఉంది. ఎప్పటిలాగే పొయ్యిల దగ్గరకొచ్చి చేతులు కాచుకుంటూ నిలబడ్డాడు. రెండు పొయ్యిలుండేవి మాకు. చిన్నదాని మీద టీ, పెద్దదాని మీద గుండిగలో దాణా జావ. ఆ రెంటి మధ్య నిలబడే మేము అన్నాళ్లూ విటమిన్ల గురించి మాట్లాడుకున్నాం. యజమాని గారి ఫోనులు అక్కడే మాట్లాడాను. కంపెనీ కుర్రాడు అక్కడే టీ తాగాడు. డాక్టరు గారు ఎన్నిసార్లు తాగారో లెక్కలేదు.

ఆ రోజు మామ్మగారు గుండిగ మూత తీసింది. ఆవిరి ఒక్కసారి లేచి డాక్టరు గారి కళ్లజోడు మీద పరుచుకుంది. ఏమీ కనపడక, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, గాలి పీల్చి ఆగిపోయాడు.

"మేడం, ఈ వాసన నాకు తెలుసు" అన్నాడు. "మా హాస్టల్లో బలానికని బిళ్లలిచ్చేవాళ్లు. ఆ సీసా వాసన ఇది."

"మందు వాసనండీ. ఇందాకే అమ్మాయి ఇచ్చింది" అంది మామ్మగారు.

"ఇచ్చింది సరే, అందులో ఎప్పుడు వేశారు?"

"అదేంటండీ, పొయ్యి వెలిగించగానే వేస్తాను. ఎసట్లోనే పడిపోద్ది."

"అప్పట్నుంచీ మరుగుతూనే ఉందా?"

"మరగొద్దా మరి? పచ్చివాసన పోయేదాకా మరగాలి. బాలింతకండీ పెట్టేది."

డాక్టరు గారు అక్కడే బోర్లించి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టాడు. "మామ్మగారూ," అన్నాడు చివరికి, "ఈ ఫారంలో విటమిన్లు బాగా అందుతున్నది ఎవరికో ఇప్పుడు తెలిసింది. పొయ్యి పక్కన నిలబడి ఆవిరి పీల్చే మనకి."

ఇది చదివే పిల్లలూ, మీరు ఇప్పుడు ఫోనులో చూసి ఇట్టే చెప్పేస్తారు, కొన్ని విటమిన్లు వేడికి తట్టుకోవని, అంతసేపు మరిగిస్తే చాలావరకు పోతాయని. మాకూ తెలియక కాదు. డాక్టరు గారికి తెలుసు. అట్టమీద చల్లని చోట ఉంచమని రాసి ఉంది, నేను రోజూ చదివేదాన్ని, చల్లని చోటే ఉంచేదాన్ని కూడా. కానీ గుండిగ ఉడుకుతుండడం మాకు ఇంట్లో అన్నం ఉడుకుతున్నంత సహజం. బాలింతకి ఉడికించి పెట్టడమే ఎవరైనా చేసే పని. అందులో చూడవలసింది ఏముంటుందని ఎవరూ చూడలేదు.

డాక్టరు గారు లేచి పెద్దకోడలి గది దగ్గరికి వెళ్లాడు. తొట్టి చూశాడు. నీళ్ల తొట్టి చూశాడు. అది పొడిగా ఉంది.

"నీళ్లు?"

"పొద్దున్న ఒక చెంబెడు గోరువెచ్చగా ఇచ్చానండీ. సాయంత్రం ఇంకో చెంబు. పచ్చి ఒళ్లు కదా. ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుద్ది."

"తిండి?"

"పథ్యమేనండీ. పురుడెళ్లేదాకా అరపొట్ట తిండే."

డాక్టరు గారు నా వంక చూశాడు. నేను పెద్దకోడలి వంక చూశాను. నాకూ పథ్యం అంటే అదే తెలుసు. మా అమ్మ, మా పిన్నులు, మా వదిన అందరూ దాహం దాహం అని నాలుక తడుపుకుంటూ బాలింతతనం గడిపినవాళ్లే.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర వ్యాను హారను మోగింది.

డాక్టరు గారు ఫోను తీసుకుని పక్కకి వెళ్లి యజమాని గారితో మాట్లాడాడు. ఆయన ఏమన్నారో వినపడలేదు కానీ ఈయన "వారం, సార్, ఒక్క వారం" అనడం మూడు నాలుగుసార్లు వినపడింది. వచ్చి, "వారం ఇచ్చారు" అన్నాడు. బేరగాడు గొణుక్కుంటూ, వేరే రెండు మగపందుల్ని ఎక్కించుకుని వెళ్లాడు. వెళ్తూ "వారానికి మిగిలేది తోలే" అని ఒక మాట విసిరాడు. మామ్మగారు గుండిగ గంటెతోనే అతను గేటు దాటేదాకా సాగనంపింది.

అసలు యుద్ధం ఆ తర్వాత మొదలైంది.

"పొడి ఉడికించొద్దు. పచ్చిగా తిండి మీద చల్లండి" అన్నాడు డాక్టరు గారు.

"బాలింతకి పచ్చి వస్తువా? నా ప్రాణం పోయినా చెయ్యను."

"మామ్మగారూ, మందు అది."

"మందైతే మాత్రం? నేను ఎంతమందికి పురుడు పోశానో మీకు తెలుసా బాబూ? మీ పెళ్లయ్యాక రండి, పథ్యం గురించి మాట్లాడుకుందాం."

డాక్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. నేను ఇద్దరికీ టీ పోశాను. టీ పోస్తే గొడవ సగం తగ్గుతుందన్నది నా నమ్మకం. తాగుతూ మామ్మగారే తనలో తాను ఏదో లెక్క వేసుకుంది.

"ఉడికిస్తే పోద్ది అంటారు, అంతేనా?" అంది. "కాయంలో కలిపితే?"

కాయం అంటే ఏమిటని డాక్టరు గారు అడిగాడు. బాలింతకి శొంఠి, మిరియాలు, పిప్పళ్లు పొడి కొట్టి, బెల్లం, నువ్వులనూనె పోసి ఉండలు చేసి పెడతారని చెప్పాను. "మీరు తిన్నవే పరోక్షంగా, మీ అమ్మగారి పాలతో" అని మామ్మగారు అందించింది.

ఆయన ముఖం విప్పారింది. "బెల్లం, నూనె మంచివే. దానిలో పొడి నిలుస్తుంది. ఎన్ని పాళ్లు ఏమిటో నేను చెప్తాను. కానీ మిరియాలు వద్దు."

"మిరియాలు లేకుండా కాయమేంటండీ?"

"పందికి మంట పుడుతుంది."

"శొంఠి?"

"చిటికెడు."

"వాము?"

"మామ్మగారూ, ఇది పెళ్లి భోజనం కాదు."

"సరే, వాము మానేస్తా. మీరు శొంఠి ఇంకో చిటికెడు ఒప్పుకోండి."

ఒప్పుకున్నాడు. పాకం దించి, అందులో వేలు పెట్టి ఉంచగలిగేంత చల్లారాకే పొడి కలపాలని షరతు పెట్టాడు. మొదటిరోజు మామ్మగారు దేవుడి ముందు ప్రమాణం చేసినట్టు వేలు అందులో పెట్టి మా అందరికీ చూపించింది.

నీళ్ల దగ్గర మాత్రం ఆవిడ కదల్లేదు. బాలింతకి బిందెడు నీళ్లు పోసిన పాపం నాకొద్దు అంది. డాక్టరు గారు పుస్తకంలో ఉన్నవి చెప్పి చూశాడు. పాలంటే సగానికి పైగా నీళ్లే కదా అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అప్పుడాయన మాట మార్చి అడిగాడు.

"మామ్మగారూ, మీ చేతి మీద కవలలు పుట్టారా ఎప్పుడైనా?"

"ఎందుకు పుట్టలేదు? మూడు జతలు."

"ఆ తల్లులకి తిండి ఎంత పెట్టేవారు?"

"రెట్టింపు పెట్టేవాళ్లం. ఇద్దరు లాగుతుంటే మరి పెట్టకపోతే ఎట్టా? నీళ్లు కూడా కొంచెం..." అని ఆగింది. గది వంక చూసింది. పదకొండు పిల్లలూ ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి.

"ఇక్కడ ఎంతమంది లాగుతున్నారో మీరే చూడండి. మిగతా తల్లులకి ఇందులో సగం కూడా లేరు" అన్నాడాయన మెల్లగా.

మామ్మగారు పిల్లల్ని ఒక్కొక్కటిగా వేలితో చూపుతూ లెక్కపెట్టుకుంది. తర్వాత బిందె తీసుకుని పంపు దగ్గరికి వెళ్లింది. తెచ్చి తొట్టిలో పోస్తూ, "నువ్వు పదకొండుమందిని కన్న సంగతి నేను మర్చిపోయానే" అంది పెద్దకోడలితో.

పెద్దకోడలు తాగింది. ఒక ప్రాణి అంతసేపు తాగడం నేనెప్పుడూ చూడలేదు. తొట్టి అడుగు నాకి, తలెత్తి మామ్మగారి వంక చూసింది. ఆవిడ మళ్లీ బిందె తీసుకుంది.

కాయం సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. మొదటి ఉండ పెద్దకోడలు నోట్లో వేసుకుని, ఆలోచించి, మామ్మగారి చీర మీద ఉమ్మేసింది. "మా కోడళ్లంతా మొదట ఇంతే" అని ఆవిడ ఏమీ అనుకోలేదు. రెండో ఉండకి ఎండుచేపల పొడి అద్దింది. అది పోయింది లోపలికి. రెండు రోజుల్లో ఆవిడ షెడ్డులోకి అడుగు పెట్టగానే చిన్నత్త, ఆడపడుచు కూడా కమ్మీలకి మూతులు ఆనించి అరవడం మొదలుపెట్టాయి. ఒకరోజు డాక్టరు గారు ఉత్సాహంగా తనూ ఓ ముక్క రుచి చూశాడు. ఎలా ఉందని అడిగితే, పంది మొదటిరోజు ఎందుకు ఉమ్మిందో అర్థమైందన్నాడు.

ఆ వారం మేము అరపొట్ట తిండి మానేశాం. తిన్నంత పెట్టాం, తాగినంత పోశాం. జావ చల్లార్చి పెట్టాం. నాలుగో రోజుకో ఐదో రోజుకో, పొదుగు దగ్గర పిల్లలు కరుచుకోవడం ఆగింది. షెడ్డులో ఆ నిశ్శబ్దం విని నేను భయపడి పరిగెత్తాను. నా కాలుతో పరుగంటే మీరు నవ్వుతారు. వెళ్లి చూస్తే అన్నీ బారుగా పడుకుని, మూతుల చివర నురగతో, పొట్టలు బిర్రుగా నిద్రపోతున్నాయి. అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. ఎవరికని అడగకండి, ఆ షెడ్డులో ఉన్న అందరికీ చెందుతుంది.

గిట్టలు వారంలో మానలేదు. వాటికి నెలలు పట్టింది. అయినా వ్యాను మళ్లీ వచ్చిన రోజు పెద్దకోడలు తనంతట తాను లేచి నిలబడింది. బేరగాడు కమ్మీ మీదుగా తొంగి చూసి, "ఇదేనా అది" అన్నాడు. "అదే, కాస్త ఎడంగా నిలబడు, పిల్లలకి దిష్టి తగులుద్ది" అంది మామ్మగారు. యజమాని గారికి ఫోను చేశాను. ఆయన "ఉంచెయ్యండమ్మా" అని, ఫోను పెట్టేయబోతూ, "పిల్లలన్నీ ఉన్నాయా?" అని అడిగారు. ఒకటి పోయింది, మిగతావన్నీ ఉన్నాయన్నాను. ఆ సాయంత్రం ఆయనే వచ్చి చూసుకుని, మనసు కరిగి, ఆ తర్వాత రోజూ రావడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి మాకు పని రెట్టింపైంది.

ఏది పనిచేసిందని నన్ను అడుగుతారు కొత్తగా ఫారాల్లో చేరే పిల్లలు. విటమిన్లా, నీళ్లా, కడుపునిండా తిండా? డాక్టరు గారు మూడూ అనేవారు. నేనూ అదే అంటాను. తర్వాత ఉండలు చేసే ఓపిక లేక పొడి చల్లారిన దాణాలోనే కలిపాం. మీరూ అలాగే చెయ్యండి. కలిపిన దాణా వారాలు నిలవ ఉంచకండి, తవుడు ముక్కిన వాసన వస్తే పారెయ్యండి. మీ పొయ్యి మీద రోజూ ఉడుకుతున్నదాని వంక కూడా ఒకసారి చూడండి.

అందరం సంతోషంగా ఉన్న ఆ రోజుల్లో మామ్మగారు మాత్రం మాట తగ్గించింది. అలిసిపోయిందనుకున్నాను. ఒక మధ్యాహ్నం డాక్టరు గారు పిల్లల్ని తూకం వేస్తుంటే దగ్గరికొచ్చి నిలబడింది.

"బాబూ, ఒక మాట. పంది సంగతి సరే. మనుషులక్కూడా ఇంతేనా? నీళ్లివ్వకపోతే పాలు ఎండిపోతాయా?"

ఎప్పుడూ ఏదో ఒక హాస్యమాడే ఆ అబ్బాయి ఆ రోజు ఆడలేదు. తక్కెడ దించి, "బాలింతకి నీళ్లు బాగానే తాగాలి మామ్మగారూ. ఆసుపత్రిలో కూడా అదే చెప్తారు" అన్నాడు.

"మరి నేను నోరు కట్టేసిన ఆడపిల్లల సంగతో? దాహం, అత్తా, అని చేతులు పట్టుకుని అడిగేవాళ్లు. నేను ఇవ్వలేదే."

"వాళ్లమ్మలు కూడా ఇవ్వలేదు మామ్మగారూ, మా అమ్మా ఇవ్వలేదు" అన్నాను నేను. "మీ చేతి మీద బతికినవాళ్లు ఎందరో ఉన్నారు కదా." ఆవిడ విని, తలూపి, బిందె తీసుకుని వెళ్లిపోయింది. నా మాట ఆవిడకి పనికొచ్చిందని నేను అనుకోను.

తర్వాత కొన్నాళ్లకి ఆవిడ మనవడి భార్య బందరు ఆసుపత్రిలో ఆడపిల్లని కంది. చూడ్డానికి నేనూ వెంట వెళ్లాను. కొత్త బాలింత మంచం మీద నీరసంగా ఆనుకుని ఉంది. ఇంకా చిన్న వయసే. మామ్మగారు సంచిలోంచి పథ్యం గిన్నె తీస్తుందని ఆ అమ్మాయి ముందే మొహం ముడుచుకుంది. ఆవిడ తీసింది పెద్ద నీళ్ల సీసా, స్టీలు గ్లాసు.

"తాగు."

"ఇందాకే తాగాను మామ్మా."

"మళ్లీ తాగు. మా పెద్దకోడలు నీకంటే నయం. పోసింది పోసినట్టు తాగుద్ది."

"నన్ను పందితో పోలుస్తున్నావా?"

"పోల్చట్లేదే. అది నయమంటున్నా."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు నొప్పి పుట్టి "అబ్బా" అంది. అయినా గ్లాసు అందుకుంది. ఆ గొంతులో ఒక్కో గుటక దిగుతుంటే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా, మామ్మగారు రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. ఖాళీ అయ్యాక మళ్లీ నింపింది.